సాక్ష్యం చెప్పని ఊరు
(సామరస్య సాహిత్యం మీద ఒక విచారణ)

1

మన సాహిత్య సభల్లో 'సామరస్యం' అన్న మాటకు చప్పట్లు కొట్టనివారు వుండరు. కథల పోటీకి నిబంధనలు రాసేటప్పుడు కూడా 'సామాజిక సామరస్యాన్ని పెంపొందించేవిగా వుండాలి' అని ఒక వాక్యం చేరుస్తాం. మాట మంచిదే. కాని ఏ మాటనైనా అది తిరుగుతున్న నేల మీద నిలబెట్టి చూడటం అభ్యుదయ విమర్శ నేర్పిన మొదటి పాఠం. కృష్ణా డెల్టా నేల మీద, కారంచేడు, చుండూరుల తర్వాత, ఈ మాటకు అర్థం ఏమిటి? ఎవరు ఎవరితో సమరసంగా వుండాలి? నమ్మకం తెగిపోయినచోట ముందుగా ఎవరు ఎవరిని నమ్మాలి? ఈ ప్రశ్నలు వేసుకోకుండా రాసిన సామరస్య కథ, ఎంత సదుద్దేశంతో రాసినా, పుండు మీద గుడ్డ కప్పడమే అవుతుంది. మందు వెయ్యడం కాదు.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పే మాస్టర్ని. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలకు 'మా ఊరు - ఐకమత్యం' అని వ్యాసం ఇచ్చాను. కాగితాలన్నీ దాదాపు ఒకే మాదిరిగా వచ్చాయి. పండుగలు, తిరనాళ్ళు, అందరూ అన్నదమ్ముల్లా మెలగడం. ఒక పిల్ల మాత్రం రెండు వాక్యాలు రాసి ఆపేసింది. 'మా ఊరు అంటే ఊరా, పల్లెనా మాస్టారూ? రెండిటికీ కలిపి రాయాలంటే నాకు రావడం లేదు.' ఎన్ని మార్కులు వెయ్యాలో నాకు తోచలేదు. మన ప్రాంతంలో పల్లె అంటే ఏమిటో డెల్టా పాఠకులకు చెప్పనక్కరలేదు. ఊరికి ఆవల, దళితులు వుండే చోటు. పాఠ్యపుస్తకంలో 'పల్లెసీమ' వేరు, మా పిల్లలు ఎరిగిన పల్లె వేరు. ఆ పిల్లకు నేను బాకీ పడ్డ జవాబు ఈ వ్యాసం.

2

ముందు జరిగినదాన్ని మరొకసారి జ్ఞాపకం చేసుకుందాం. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న విద్యార్థులకు ఈ రెండు ఊళ్ళ పేర్లు పరీక్షలో 'దళిత సాహిత్య నేపథ్యం' అనే జవాబులో ఒక పంక్తిగానే తెలుసు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. మొదలు ఎక్కడ? మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెను కడుగుతుంటే, తాగే నీళ్ళు పాడవుతాయని అభ్యంతరం చెప్పినచోట. చెయ్యెత్తి కొట్టబోతే ఒక దళిత స్త్రీ చేతిలోని బిందె అడ్డం పెట్టింది. ఆ బిందె లేచినందుకు మరునాడు గూడెం మీద దాడి. బతికినవాళ్ళు చీరాలకు పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు. చాలామంది మళ్ళీ ఊరు చేరలేదు, చీరాలలోనే స్థిరపడ్డారు. ఆ యేడే దళిత మహాసభ పుట్టింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవ శిక్ష, 29 మందికి మూడేళ్ళ జైలు వేసింది. నేరానికీ ఆఖరి తీర్పుకూ మధ్య 23 ఏళ్ళు గడిచాయి.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. మొదలు సినిమాహాల్లో. ఒక దళిత యువకుడి కాలు అగ్రకులంవాడికి తగిలిందన్న తగువు. తర్వాత సాంఘిక బహిష్కారం. ఆ తర్వాత వేట. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో వేశారు. బాధితులు తెనాలి చేరారు. విచారణ నేరం జరిగిన ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి, అక్కడే ప్రత్యేక కోర్టు సాధించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నేరం రుజువు కాలేదంటూ అందరినీ విడుదల చేసింది. బాధితులు సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. ఇక్కడ కూడా నేరానికీ హైకోర్టు తీర్పుకూ మధ్య 23 ఏళ్ళే కావడం యాదృచ్ఛికం కావచ్చు. ఆలస్యం మాత్రం యాదృచ్ఛికం కాదు.

రెండు సంఘటనలకూ మొదలు ఎక్కడుందో గమనించాలి. ఒకటి తాగే నీళ్ళ దగ్గర, రెండవది పక్కపక్కన కూర్చునే సినిమాహాల్లో. అంటే వివాదం ప్రేమ లేకపోవడం గురించి కాదు. నీటి మీద, చోటు మీద, తల ఎత్తుకు తిరిగే హక్కు మీద. బెజవాడ దగ్గర 1855 నాటికి ఆనకట్ట కట్టాక డెల్టాకు కాలవ నీళ్ళు వచ్చాయి, మాగాణి వచ్చింది, డబ్బు వచ్చింది, చదువు వచ్చింది. మన సాహిత్యమూ చాలావరకు ఆ నీళ్ళతోనే పండింది. ఆ నీళ్ళు ఏ పొలానికి ఎంత పారాయి, ఏ వాడకు అసలు చేరలేదు అన్నదే ఇక్కడ భౌతిక పునాది. సామరస్యం గురించి మాట్లాడే రచయిత ఈ పునాదిని వదిలిపెట్టి మనసుల్లో వెతుకుతున్నాడంటే, అతను తెలియకుండానే భావవాదంలోకి జారుతున్నాడన్నమాట.

3

మన సామరస్య కథకు ఒక అచ్చు తయారైంది. పోటీలకు వచ్చే కథలు చదివే అవకాశం వున్నవారికి ఇది బాగా తెలుసు. ఊళ్ళో ఒక పెద్దరైతు వుంటాడు. కోపిష్టి, కాని లోపల మంచివాడు. పల్లెలో ఒక పాలేరు వుంటాడు. నిజాయితీపరుడు, ఎంత తిట్టినా మాట పడతాడు. ఒకనాడు ఉప్పెనో, అగ్నిప్రమాదమో, కాలవలో పడవ బోల్తానో వస్తుంది. పాలేరు ప్రాణానికి తెగించి రైతు బిడ్డను కాపాడతాడు. రైతు కళ్ళు తుడుచుకుని 'ఇవాళ్టినుంచి నువ్వు నా పెద్దకొడుకువి' అంటాడు. పాలేరు చేతులు జోడిస్తాడు. కథ అయిపోతుంది.

ఈ కథలో నమ్మకానికి ఎవరు ధర చెల్లించారు? పాలేరే చెల్లించాడు. ప్రాణం పణంగా పెట్టాడు. రైతు ఏమి ఇచ్చాడు? ఒక వరసపేరు. ఆ పెద్దకొడుకుకు ఎకరం పొలం రాలేదు. వంటింటి గుమ్మం దాటే హక్కు రాలేదు. చూరు కింద బోర్లించిన సత్తుగ్లాసు ఆ మర్నాడు కూడా అక్కడే వుంది. కథకుడు ఆ గ్లాసును చూడలేదు. అతని చూపు రైతు కన్నీళ్ళ దగ్గరే ఆగిపోయింది.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 'ఉప్పెన కులాన్ని కడిగేసింది' అన్న ధోరణి అప్పటినుంచీ మన రాతల్లో వినిపిస్తూనే వుంది. ఆపద సమయంలో మనుషులు ఒకరికొకరు చెయ్యందించారు, దాన్ని ఎవరూ కాదనరు. కాని నీళ్ళు తీసిన తర్వాత ఊరు ఊరుగానే, పల్లె పల్లెగానే మళ్ళీ లేచాయి కదా! ఉప్పెన చెయ్యని పనిని కథ చేసినట్టు చూపిస్తే అది ఆశావాదం కాదు, బుకాయింపు. ప్రకృతి వచ్చి మన సామాజిక వైరుధ్యాన్ని పరిష్కరిస్తుందని ఎదురుచూడటం మార్పు కోరే రచయిత చెయ్యవలసిన పని కాదు.

ఈ కథల్లో ఇంకొక లోపం వుంది. వీటిలో నేరం వుండదు, అపార్థం మాత్రమే వుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు సరిగా అర్థం చేసుకోలేదు, చేసుకున్నాక కలిసిపోయారు. చుండూరులో అపార్థం లేదు. ఎవరు ఎవరో అందరికీ తెలుసు. తెలిసే చంపారు. అపార్థానికి మందు సంభాషణ. నేరానికి మందు సంభాషణతో మొదలుకాదు, సత్యంతో మొదలవుతుంది.

4

ఈ అచ్చుకథకు మన పెద్దరచయితలే మూలమని కొందరు చెబుతుంటారు. 'మాలపల్లి'ని దానికి తాతగా చూపిస్తారు. ఇది నవలను పాఠ్యాంశంగా మాత్రమే చదవడం వల్ల వచ్చిన పొరపాటు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 ప్రాంతంలో వెలువరించిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కేవలం అందరూ కలిసిమెలిసి వుండాలని చెప్పే పుస్తకమైతే ప్రభుత్వం ఎందుకు భయపడింది? నవల నడుమ ఒక హత్య వుంది. పాలేరు సంగదాసును ఆసామి చౌదరయ్య చంపుతాడు. ఆసామి కొడుకు రామానాయుడు సంగదాసుకు ప్రాణస్నేహితుడు. అంటే ఊరికీ పల్లెకూ మధ్య నిజమైన స్నేహం ఒకటి నవలలో వుంది. ఆ స్నేహం వున్నా హత్య ఆగలేదు. వ్యక్తుల మంచితనం వ్యవస్థ చేతిని పట్టుకోలేదని ఉన్నవ ఆనాడే చూపించాడు.

హత్య తర్వాత ఏమైంది? ఒకే ఇంట్లో రెండు దారులు చీలాయి. తండ్రి రామదాసు భక్తుడు, శాంతమూర్తి, పగను అంగీకరించడు. కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టే దళం కడతాడు. మన విమర్శకులు కొందరు రామదాసును పట్టుకుని 'చూశారా క్షమ' అన్నారు. మరికొందరు జగ్గణ్ణి పట్టుకుని 'చూశారా తిరుగుబాటు' అన్నారు. నవలాకారుడు ఇద్దరినీ ఒకే తండ్రీకొడుకులుగా ఎందుకు పెట్టాడో ఆలోచించినవారు తక్కువ. న్యాయం జరగని చోట క్షమ ఎంత సహజమో, కోపమూ అంతే సహజం. రెండూ ఒకే దుఃఖానికి పుట్టినవి. నవలలో తీరని సమస్య రామదాసుదీ కాదు, జగ్గడిదీ కాదు. చౌదరయ్యది. చంపినవాడు ఏమి చెయ్యాలి? ఈ ప్రశ్నను మాలపల్లి మనకు వదిలిపెట్టి వెళ్ళింది. నూరేళ్ళు దాటినా మనం దాన్ని ముట్టుకోలేదు.

జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. అందులో అస్పృశ్యుడు తన మొర శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి వుంది. ఈ వ్యంగ్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. మేఘసందేశంతో పోల్చి పరిశోధనలు చేశారు. నాకు మాత్రం పాఠం చెప్పేటప్పుడల్లా ఒక సందేహం కలుగుతుంది. అంత పెద్ద ఊళ్ళో తన మాట మోసుకుపోవడానికి ఆ మనిషికి ఒక్క మనిషీ దొరకలేదా? గుడిలోకి రోజూ వెళ్ళివచ్చేవాళ్ళు ఎంతమంది లేరు! వాళ్ళలో ఒక్కరినీ అతను నమ్మలేకపోయాడు. గబ్బిలాన్ని ఎంచుకోవడం కవి చమత్కారం మాత్రమే కాదు, ఊరి మీద ఆయన ఇచ్చిన తీర్పు. డెల్టాలో సామాజిక విశ్వాసం ఎంత వుండేదో కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద మన కవిత్వంలో నాకు కనబడలేదు.

కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథకు వచ్చేసరికి మొర లేదు, సందేశం లేదు. బావి వుంది, తోడుకోవలసిన నీళ్ళు వున్నాయి. హక్కు ఎవరో దయతో ఇచ్చేది కాదన్న తెలివి వుంది. 'ఊరబావి' వున్న సంపుటి 1983లో పుస్తకంగా వచ్చింది. రెండేళ్ళకే కారంచేడు చెరువు గట్టున బిందె లేచింది. కథ భవిష్యత్తు చెప్పిందని నేను అనను. నీళ్ళ దగ్గర నిప్పు ఎప్పటినుంచో వుంది. కథకుడు దాన్ని చూశాడు, మిగతావాళ్ళు చూడలేదు.

5

కారంచేడు, చుండూరుల తర్వాత పల్లె తన సాక్ష్యం తానే చెప్పుకుంది. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం, అదే కాలంలో సతీష్ చందర్, మద్దూరి నగేష్‌బాబు, ఎండ్లూరి సుధాకర్ వంటివారి రచనలు, 2000లో కల్యాణరావు నవల 'అంటరాని వసంతం' ఆ సాక్ష్యంలో భాగాలు. 'అంటరాని వసంతం' తరతరాల కథను రూతు జ్ఞాపకంగా చెప్పిస్తుంది. చరిత్ర పుస్తకం లేనివాళ్ళకు జ్ఞాపకమే దస్తావేజు అని ఆ నవల నేర్పింది.

ఈ సాహిత్యం మీద అప్పట్లో మనవాళ్ళే ఒక అభియోగం మోపారు. 'ఇందులో ద్వేషం ఎక్కువ, కలుపుకుపోయే గుణం తక్కువ, శ్రామికవర్గ ఐక్యతకు చేటు' అన్నారు. ఈ అభియోగాన్ని ఇప్పుడు నిజాయితీగా పునఃపరిశీలించాలి. దళిత కవి 'నేను నిన్ను నమ్మను' అంటే అది ద్వేషం కాదు, అనుభవం నేర్పిన జ్ఞానం. పోలీసులు వున్నా, ప్రభుత్వం వున్నా, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చినా, చుండూరులో రక్షణ దొరకలేదు. అటువంటివాడు మర్నాడు పొద్దున్నే లేచి అందరినీ నమ్మితే దాన్ని మంచితనం అనం, మతిమరుపు అంటాం. అపనమ్మకం నుంచి నమ్మకానికి వెళ్ళే దారిలో మొదటి మెట్టు, ఆ అపనమ్మకానికి కారణం వుందని ఒప్పుకోవడం. మన విమర్శ ఆ మెట్టు ఎక్కకుండానే 'ఎందుకింత కోపం' అని అడిగింది.

వర్గ ఐక్యత మాట కూడా తీసుకుందాం. డెల్టాలో కౌలురైతూ కూలీ కలిసి నిలబడవలసిన అవసరం ఎప్పటికంటే ఇప్పుడే ఎక్కువ. నేనూ దాన్నే కోరుతున్నాను. కాని సన్నకారు రైతు తన కులం వీధిలో జరిగిన తప్పును దాచినంతకాలం కూలీ అతని పక్కన ఎందుకు నిలబడతాడు? ఐక్యత అనేది సభలో చేసే తీర్మానం కాదు. బాకీలు తేల్చుకున్నాక మిగిలేది.

6

ఇక్కడే ఈ వ్యాసం అసలు విషయం వుంది. పల్లె సాక్ష్యం చెప్పింది. ఊరు చెప్పలేదు.

ఆలోచించండి. కారంచేడు గురించి, చుండూరు గురించి ఇన్ని కవితలు, పాటలు, వ్యాసాలు వచ్చాయి. ఆ రోజు దాడికి బయలుదేరినవారి ఇళ్ళల్లో ఏమి జరిగింది? తల్లి ఆపిందా, అన్నం పెట్టి పంపిందా? అరుగు మీద ఏ మాటలు నడిచాయి? రక్తపు చొక్కా ఎవరు ఉతికారు? బడికి వెళ్ళే పిల్లవాడు ఏమి విన్నాడు? ఈ కథలు ఏవి? డెల్టాలో భూమి వున్న కులాలనుంచి వచ్చిన రచయితలు తక్కువమంది కాదు. తెలుగు కథను, నవలను, విమర్శను పోషించినవారిలో చాలామంది అక్కడివారే. రైతు కష్టం రాశారు, అప్పు రాశారు, అమెరికా వెళ్ళిన కొడుకు రాశారు. ఆ ఒక్క రాత్రి గురించి మాత్రం, వీధి లోపలినుంచి రాసిన రచన వేళ్ళ మీద లెక్కపెట్టడానికి కూడా నాకు కష్టమవుతోంది. కోర్టులో సాక్ష్యం భారం దళితుల మీదే పడినట్టు, సాహిత్యంలోనూ వాళ్ళ మీదే పడింది.

ఊరు తనలో తాను పోట్లాడుకున్నప్పుడు కూడా ఇదే మౌనం. 1988 డిసెంబరు 26న బెజవాడలో నిరాహారదీక్షలో వున్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా హత్య జరిగింది. తర్వాత నగరమూ చుట్టుపక్కల పట్టణాలూ తగలబడ్డాయి. కులాన్ని బట్టి దుకాణాలు కాలాయి. పొరుగిళ్ళవాళ్ళ మధ్య ఏళ్ళతరబడి మాట తెగింది. సినిమా దాన్ని వీరుల కథగా మార్చి అమ్ముకుంది. సాహిత్యం ఆ పొరుగిళ్ళ తలుపు తట్టడానికి జంకింది. నిజం చెప్పడం ఇతరుల ముందే కాదు, తనవాళ్ళ మధ్యా ఊరికి అలవాటు లేదు.

ఇతరులను అడిగేముందు నా సంగతి చెప్పాలి. నేను ఊరివైపు వీధిలో, చిన్నరైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. చుండూరు మా ఊరికి దూరం కాదు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. నాట్ల రోజులు. నాలుగైదు రోజులు మా చేలో ఎవరూ దిగలేదు. నా బడిలో వెనకబెంచీలు ఖాళీ అయ్యాయి. అరుగు మీద పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. నేను దగ్గరకు వెళితే 'పిల్లలకెందుకు, లోపలికి పో' అన్నారు. మా ఇంట్లో పనిచేసే ఆయన నన్ను చిన్నప్పుడు భుజం మీద కూర్చోబెట్టుకుని కాలవకు తీసుకెళ్ళేవాడు. కొన్నాళ్ళకు తిరిగివచ్చాడు. పని గురించి తప్ప మరో మాట మాట్లాడలేదు. అంతకుముందు 'ఇవాళ బళ్ళో ఏం చెప్పారు బాబూ' అని రోజూ అడిగేవాడు. ఆ తర్వాత అడగలేదు. 'మీవాళ్ళెవరైనా అక్కడున్నారా?' అని మా ఇంట్లో ఒక్కరూ ఆయన్ని అడగలేదు. నేనూ అడగలేదు. ఎం.ఏ. తెలుగు చదివి, దళిత సాహిత్యం మీద సెమినార్ పత్రాలు రాసిన తర్వాత కూడా అడగలేదు. ఆయన ఇప్పుడు లేడు.

ఇది పెద్ద నేరం కాదనవచ్చు. కాదు. కాని పెద్ద నేరాలు ఇటువంటి చిన్న మౌనాల మీదే నిలబడతాయి.

7

మనది యుద్ధం కాదు కదా, మాటలకు ఇంత బరువు ఎందుకు అని కొందరు అడగవచ్చు. యుద్ధాలు ముగిసిన దేశాలు ఏమి చేశాయో చూస్తే మనం ఏమి చెయ్యలేదో తెలుస్తుంది.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయాక, 1995 చట్టంతో సత్య, సయోధ్య సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు బిషప్ డెస్మండ్ టూటూ. 20 వేలకు పైగా బాధితులు వాంగ్మూలం ఇచ్చారు. 7 వేలకు పైగా మంది క్షమాభిక్షకు దరఖాస్తు పెట్టుకున్నారు. షరతుల్లో ఒకటి, చేసినదంతా దాచకుండా చెప్పాలి. ఆ సంఘం పేరులో సత్యం ముందు, సయోధ్య తర్వాత అన్నది గమనించాలి. ఆ విచారణలను రేడియోకు నివేదించిన ఆంట్జీ క్రోగ్ పాలకజాతి అయిన ఆఫ్రికానర్లలో పుట్టిన కవయిత్రి. తన భాషలో, తన ఇంటిపేర్ల వాళ్ళు చేసిన పనులను విని, 1998లో 'కంట్రీ ఆఫ్ మై స్కల్' అనే పుస్తకం రాసింది. బాధితుల గొంతు తాను ఎత్తుకోవచ్చా అన్న విమర్శ ఆమె మీదా వచ్చింది. అయినా ఆ వైపునుంచి ఒక మనిషి మాట్లాడింది. ఆ దేశంలో భూమి చాలావరకు పాతచేతుల్లోనే మిగిలింది కనక సయోధ్య సగంలోనే ఆగిందని అక్కడివారే అంటారు. ఈ రెండు సంగతులూ మనకు పాఠాలే. సత్యం లేని సయోధ్య బుకాయింపు, భూమి లేని సత్యం అరకొర.

ర్వాండాలో 1994 నరమేధం తర్వాత కోర్టులు చాలక, ఊరివాళ్ళే పచ్చికమీద కూర్చుని విచారించే గచాచా పంచాయితీలు 2012 దాకా నడిపారు. మన రచ్చబండ లాంటిదే అని మురిసిపోనక్కరలేదు. మన రచ్చబండ మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు కింద నిలబడ్డారు అన్నది గుర్తుంటే చాలు. చుండూరు దళితులు రచ్చబండను కాదు, కోర్టును తమ ఊరికి రప్పించుకున్నారు. వాళ్ళకు ఆ తేడా బాగా తెలుసు.

బోస్నియాలో 1995లో యుద్ధం ఆగింది. కొన్ని ఊళ్ళలో ఒకే భవనంలో రెండు బడులు పెట్టారు. క్రొయేషియన్ పిల్లలకు ఒకటి, బోస్నియాక్ పిల్లలకు ఒకటి. వేర్వేరు పాఠాలు, కొన్నిచోట్ల వేర్వేరు గుమ్మాలు. 'ఒకే కప్పు కింద రెండు బడులు' అని దానికి పేరు. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మా ప్రాంతంలో కప్పులే వేరు. ఊరి పిల్లలు పొద్దున్నే పచ్చబస్సు ఎక్కి పట్నం ప్రైవేటు బడికి పోతారు. మా సర్కారు బడిలో ఎక్కువగా పల్లె పిల్లలే మిగిలారు. మధ్యాహ్న భోజనం దగ్గర పంక్తిభేదం లేదని మేం గర్వంగా చెప్పుకుంటాం. పంక్తిలో ఒకే వాడ పిల్లలు మిగిలితే భేదం ఎక్కడినుంచి వస్తుంది? గోడ కట్టకుండానే విభజన పూర్తయింది. ఇక ఈ పిల్లలు ఒకరినొకరు ఎక్కడ చూస్తారు? ఎప్పుడు నమ్ముతారు?

8

రచయిత మిత్రులకు, విద్యార్థులకు నా విన్నపం ఇది.

సామరస్యం రాయవద్దని నేను చెప్పడం లేదు. దాన్ని కథ చివర వరంలా ఇవ్వకండి. నీళ్ళు, భూమి, కూలి, కోర్టు, బడి ఇవి ఎక్కడున్నాయో చూపించి, ఎవరు ఏమి వదులుకుంటే నమ్మకం పుడుతుందో రాయండి. వదులుకోవలసింది వున్నవాడే గాని లేనివాడు కాదు.

ఊరినుంచి వచ్చిన రచయితలు పల్లెలోకి వెళ్ళి దళితుడి బాధను తమ గొంతుతో చెప్పనక్కరలేదు. ఆ పని వాళ్ళు మనకంటే బాగా చేసుకుంటున్నారు. మన వీధి మనం రాద్దాం. మన అరుగు, మన వంటిల్లు, చూరు కింది గ్లాసు, గొంతు తగ్గించి మాట్లాడిన ఆ సాయంత్రం. పశ్చాత్తాపంతో గుండెలు బాదుకోవడం ఎవరికీ అవసరం లేదు, అది మళ్ళీ మన గురించే అవుతుంది. వివరాలు కావాలి. ఎవరు ఏమన్నారు, ఎవరు ఏమి చూశారు, ఎవరు ఎందుకు నోరు మూసుకున్నారు. మాలపల్లి వదిలిపెట్టిన ప్రశ్నకు, చౌదరయ్య ఏమి చెయ్యాలన్న ప్రశ్నకు, చౌదరయ్య మనవలే జవాబు వెతకాలి.

అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ 1943లో తెనాలిలో జరిగింది. 48 ఏళ్ళ తర్వాత చుండూరు బాధితులు ప్రాణాలు చేతపట్టుకుని చేరింది కూడా ఆ తెనాలికే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కారంచేడు, చుండూరు రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. పటం మీద గీతలు మారాయి. ఊరికీ పల్లెకూ మధ్య గీత కలెక్టరు చెరిపేది కాదు.

ఆ పిల్ల కాగితానికి నేను మార్కులు వెయ్యలేదు. వ్యాసం మళ్ళీ రాయమనీ అనలేదు. ఆ యేడు నేనే ఊరివైపునుంచి 'మా ఊరు' గురించి నాలుగు పేజీలు రాసి, సత్తుగ్లాసుతో సహా, తరగతిలో చదివాను. చదవడం అయ్యాక ఆ పిల్ల లేచి ఒకటే అడిగింది.

'ఇది మీ ఇంట్లో చదివారా మాస్టారూ?'

ఇంకా చదవలేదు. చదవాలి.